అంగడివీధి గంపల కుమ్ములాట

దీపికాపురం నడిబొడ్డున మూడు నెలల కిందట ఒక మహాసౌధం మొలిచింది. కట్టారనడం తప్పు. ముందురోజు అక్కడ బీడు ఉండేది, తెల్లవారేసరికి ఏడంతస్తుల మేడ ఉంది. స్ఫటికపు స్తంభాలు, పగడపు గుమ్మాలు, చంద్రకాంత శిలల మెట్లు. శిఖరం మీద బంగారు నెమళ్ళు గడియకోసారి పురి విప్పి ఆడేవి. లోపల అగరుధూపం మధ్య మూడు వందల ఇత్తడి బొమ్మలు చేతులు జోడించి నిలబడి ఉండేవి. ఏం కావాలో నోటితో చెబితే చాలు, చీరైనా చెంబైనా క్షణంలో చేసి చేతిలో పెట్టేవి. ఆ మేడ పేరు ఇంద్రవిపణి. యజమాని పేరు మణిగుప్తుడు. గుండ్రటి ముఖం, గంధపు బొట్టు, ఎప్పుడూ చెరగని చిరునవ్వు.

అక్కడ ఎవరి దగ్గరా కాసు పుచ్చుకునేవాడు కాడు. సరుకు తీసుకున్నవాడు గుమ్మం మీద చెయ్యి పెట్టి ఒక్క మాట అనాలి: "ఇకమీదట అంగడివీధిలో అడుగుపెట్టను." అంతే.

దీపికాపురం జనం గురించి చెప్పాలంటే నోరు రావడం లేదు. నిన్నటిదాకా తమ ఇంట్లో పెళ్ళికి కుండలు చేసినవాణ్ణి, పురిటికి చాటలు అల్లినదాన్ని, చెప్పు తెగితే నడివీధిలో కూర్చుని కుట్టిచ్చినవాణ్ణి ఒక్క మాటతో వదిలించుకుని, ఇత్తడి బొమ్మ చేతి పట్టుబట్ట కట్టుకుని ఊరేగారు. అందరికన్నా ముందు ప్రమాణం చేసినవాడు మహారాజు లలితకీర్తి. ఆయన వెనకే మంత్రి సుమేధుడు. పేరులో తప్ప ఇంకెక్కడా మేధ లేని మనిషి.

ఆ ఊరికి ఒకనాటి ఉదయం శూరధ్వజుడు వచ్చాడు.

శూరధ్వజుడు విజయధార రాజ్యానికి యువరాజు. రెండేళ్ళ కిందట కంకాళభట్టు అనే మాంత్రికుడు ఆ దేశపు వానాకాలాన్ని తోలుసంచిలో మూటగట్టుకుని మాయమయ్యాడు. అప్పటినుంచి విజయధారలో చినుకు లేదు. ఆ సంచిని తెస్తానని తండ్రికి మాటిచ్చి బయల్దేరిన రాకుమారుడు ఊరూరా బాటసారి వేషంలో తిరుగుతున్నాడు. ధైర్యం ఉంది, బలం ఉంది, వాటికి రెట్టింపు గర్వం కూడా ఉంది. దారిలో కొండచిలువతో పోరాడుతూ విల్లు విరగ్గొట్టుకున్నాడు. కొత్తది కావాలి.

తూర్పు కోటగుమ్మాన్ని ఆనుకునే అంగడివీధి ఉంది. వంగిన పెంకుటిళ్ళు, మసిబారిన కొలిమి, గానుగ చుట్టూ తిరిగే ముసలి ఎద్దు. మూసిన కొట్లు నలభై, తెరిచినవి తొమ్మిది. గానుగ ముందు ఒక నడివయసు స్త్రీ నడుముకు కొంగు బిగించి నిలబడి ఉంది. ఆమె మాచమ్మ. ఆ వీధికి నూనె ఆమెదే, పెద్దరికం ఆమెదే, నోరు కూడా ఆమెదే.

"విల్లు కావాలా నాయనా? మా కమ్మరి వీరాచారి చేస్తాడు. మూడు రోజులు పడుతుంది" అంది.

శూరధ్వజుడు వీధిని ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూసి ముక్కు చిట్లించాడు. "ఈ గుహల్లో చేసిన విల్లుతో కాకుల్ని తోలుకోవాలి. తప్పుకో ముసలీ."

"ముసలినా?" మాచమ్మ అతన్ని తలనుంచి కాళ్ళదాకా చూసింది. "వెళ్ళు. ఆ మెరుపుల కొంపకే వెళ్ళు. నీలాంటివాళ్ళకోసమే కట్టారు దాన్ని."

అతను వెళ్ళాడు. ఇత్తడి బొమ్మ క్షణంలో విల్లు చేసి ఇచ్చింది. ఏనుగుదంతపు కొనలు, మీద నాగబంధం, నారి మీద వెండి మెరుపు. మణిగుప్తుడు చిరునవ్వుతో గుమ్మం చూపించాడు. ఆ మురికి వీధిలో ఇంకెప్పుడూ అడుగుపెట్టనని అనడానికి శూరధ్వజుడికి రెండో ఆలోచన అక్కర్లేదు. అనేశాడు.

కొత్త విల్లు భుజాన వేసుకుని తూర్పుగుమ్మం వైపు వస్తుండగా కోట బయట కేకలు పుట్టాయి. అడవిలోంచి ఇనుపకోరల పంది ఒకటి, ఎడ్లబండంత ఎత్తున, దుమ్ము లేపుకుంటూ కోటగుమ్మంలోకి దూసుకొచ్చింది. కావలివాళ్ళు ఈటెలు పారేసి గోడలెక్కారు. శూరధ్వజుడు చిరునవ్వు నవ్వి, బాణం సంధించి, నారిని చెవిదాకా లాగాడు.

విల్లు తడిసిన అప్పడంలా ముక్కలైంది.

చూడటానికి తప్ప వాడటానికి పనికిరాని సరుకు అది. విపణిలో సరుకంతా అదే. పట్టుబట్టల్లో ఊరేగేవాళ్ళకి ఆ సంగతి ఇంకా తెలియలేదు, ఎందుకంటే వాళ్ళు వాటితో చేసే పనేమీ లేదు. శూరధ్వజుడికి తెలిసేసరికి పంది పది అడుగుల దూరంలో ఉంది. అతను వెనక్కి తిరిగి పరుగెత్తాడు. యువరాజుల పరుగు చూసే అదృష్టం జనానికి అరుదు. ఆరోజు కోటగోడ మీద కూర్చున్నవాళ్ళంతా తనివితీరా చూశారు.

"ఇటు!" అన్న కేక వినిపించింది. ఆ వెంటనే ఒక చెయ్యి అతని చెవి పట్టుకుని వీధిలోకి ఈడ్చింది. రెండో చెయ్యి నిండు నూనెబానను బాట మీద బోర్లా తోసింది. పంది నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు జారాయి. అది పల్టీలు కొడుతూ పోయి కోటగుమ్మపు రాతిస్తంభానికి గుద్దుకుని, కోరలు విరిగి, మూలుగుతూ అడవిలోకి పారిపోయింది.

"బానెడు నువ్వులనూనె" అంది మాచమ్మ అతని చెవి వదిలి. "నీ ముఖానికి అది ఎక్కువ."

శూరధ్వజుడు జవాబివ్వబోయి ఆగిపోయాడు. పాదాలు రాళ్ళలా బరువెక్కాయి. కిందికి చూస్తే కాలివేళ్ళు పసుపుపచ్చగా మెరుస్తున్నాయి. అడుగు ఎత్తితే నేల మీద ఠంగుమంది. ఇత్తడి!

మాచమ్మ ముఖం నల్లబడింది. "ప్రమాణం చేసి ఈ వీధిలో అడుగుపెట్టినవాడికి ఇదే గతి. సాయంత్రానికి గుండెదాకా ఎక్కుతుంది. ఆ పైన నువ్వూ విపణిలో చేతులు జోడించి నిలబడతావు. ఆ మూడు వందల మందిలో మా వాడకందార్లు ఎంతమందో!" అని నిట్టూర్చింది. "నువ్వు మాట ఇచ్చిన సంగతి నాకేం తెలుసు? తెలిసినా ఈడ్చేదాన్నేలే. కళ్ళముందు పంది పొడుస్తుంటే ఎలా ఊరుకోను?"

రాకుమారుడు వంగి ఇత్తడి వేళ్ళని తడుముకున్నాడు. "దీనికి విరుగుడు లేదా?" అన్నాడు.

మాచమ్మ ఎదురుగా మూసిన కొట్టు అరుగు వైపు చూపించింది. అక్కడ ఆజానుబాహువు ఒకడు మట్టిముద్దను ఒళ్ళో పెట్టుకుని బిత్తరచూపులు చూస్తున్నాడు.

"వాడు కుమ్మరి సింగన్న. జనం రాక నిన్న కొట్టు మూశాడు. ఇక్కడ ఒక కొట్టు మూతపడితే అక్కడ ఒక ఇత్తడిబొమ్మకి ఆ పని వస్తుంది. ఇక్కడి చేతుల్లోంచి పోతుంది. పొద్దుటినించీ ఆ మట్టిని చూసి 'ఇదేమిటి మాచక్కా' అని అడుగుతున్నాడు. ఆఖరి తొమ్మిదీ మూస్తే ఈ ఊళ్ళో ముంతెడు నీళ్ళు తాగడానికి కూడా మణిగుప్తుడి గుమ్మం పట్టుకోవాలి. ఇవాళ మధ్యాహ్నం గంపల కుమ్ములాట. అందులో గెలిచినవాడు సంత గురించి ఏ తీర్పు చెబితే అది చెల్లుతుంది, రాజు కూడా కాదనలేడు. రాతి మీద చెక్కి ఉంది. నాలుగేళ్ళుగా గెలుస్తున్నది ఆ సింగన్నే. ఇప్పుడు వాడికి కుమ్మడం కూడా గుర్తు లేదు."

గంపల కుమ్ములాట కన్నా తెలివితక్కువ ఆట పద్నాలుగు లోకాల్లోనూ ఉండదు. లలితకీర్తి ముత్తాతగారి కాలంలో ఇద్దరు దుకాణదారులు స్థలం కోసం తగువులాడుకుని న్యాయం చెప్పమని కొలువుకి వచ్చారు. ఆ మహారాజుకి నిద్ర ముంచుకొస్తోంది. ఇద్దరి నెత్తిన చెరో కోళ్ళగంప బోర్లించి, వీపులకి కుండలు కట్టించి, ఎవడి కుండ పగిలితే వాడిదే తప్పని చెప్పి పడుకున్నాడు. ఆ గొప్ప న్యాయాన్నే ఊరు నూరేళ్ళుగా ఏటేటా చేసుకుంటోంది. ఆముదం పోసి చదును చేసిన బరి. నడుందాకా దిగిన గంపల్లో గుడ్డిగా నిలబడ్డ ఇద్దరు మనుషులు. దారి చెప్పడానికి చెరో పిలుపరి.

"గంపలోకి దూరమంటావా నన్ను?" అన్నాడు శూరధ్వజుడు. "సూర్యవంశపు బిడ్డని, కోళ్ళగంపలోకి?"

"సూర్యవంశమా? ఇందాక పంది ముందు పరుగెత్తినప్పుడు తెలియలేదు సుమా." మాచమ్మ గంప తెచ్చి ముందు పడేసింది. "నాకు కావాల్సింది నీ వంశం కాదు, ఆ కాళ్ళ బరువు. ఏనుగు తోసినా పడవు. ఇష్టమైతే రా, లేకపోతే ఇక్కడే నిలబడు, సాయంత్రం దీపం పెట్టుకుంటాను నీ నెత్తిన."

అతను గంప తీసుకున్నాడు.

మధ్యాహ్నానికి బరి చుట్టూ ఊరంతా మూగింది. బరి విపణి ముంగిట్లోనే ఉంది. విపణి మొదటి అంతస్తు వసారాలో మహారాజు, మంత్రి, ఆస్థానం మొత్తం వింజామరల కింద కూర్చున్నారు. మణిగుప్తుడి తరఫున బరిలోకి గజమల్లుడనే ఇత్తడిబొమ్మ దిగింది. రెండు నిలువుల ఎత్తు. దానికి సరిపోయే గంప దొరక్క గాదె మూతని తగిలించారు. నలభై కొట్ల పనితనం దాని చేతుల్లో ఉంది. ఎదురుగా మోకాళ్ళదాకా ఇత్తడైపోయిన శూరధ్వజుడు, ఠంగు ఠంగుమని నడుస్తూ, గంప కింద చెమటలు కక్కుతున్నాడు.

మంత్రి సుమేధుడు పకపకా నవ్వాడు. "మహాప్రభో, చూశారా! కాళ్ళకి గంటలు కట్టుకుని వచ్చాడు, ఆవుదూడలాగ." మహారాజు కూడా నవ్వాడు. మంత్రి ఎప్పుడు నవ్వితే అప్పుడు నవ్వడం ఆయనకి అలవాటు.

మాచమ్మ గంప దగ్గరికి వంగి మెల్లగా చెప్పింది. "ఉప్పమ్మే కేక వేస్తే కుడికి జరుగు. గాజులమ్మే కేక వేస్తే ఎడమకి. నూనె కేక వేశానంటే తలవంచి ముందుకి కుమ్ము. గుర్తుంటుందా, లేక చెవిలో చెక్కమంటావా?"

కొమ్ము ఊదారు.

గంప లోపల చీకటి, కోడి ఈకల వాసన. ఎదుట భూమి అదిరే అడుగుల చప్పుడు. "గాజులో గాజులు!" అని వినిపించింది. ఎడమకి ఒక్క అడుగు వేశాడు. కుడిచెవి పక్కనుంచి కొండ దొర్లినట్టు గజమల్లుడు దూసుకుపోయాడు. "ఉప్పో ఉప్పు!" కుడికి జరిగాడు. గాలి కొట్టింది, గంప అంచు చీలింది. మూడోసారి తప్పించుకునే వీలు చిక్కలేదు. బొమ్మ ఎదురుగా వచ్చి గుద్దింది. మామూలు మనిషైతే విపణి శిఖరం మీది నెమళ్ళకి తగిలేవాడు. శూరధ్వజుడి కాళ్ళు ఆముదంలో రెండు చాళ్ళు గీసుకుంటూ మూరెడు వెనక్కి జరిగి నిలబడ్డాయి. కుండ పగల్లేదు. ఇత్తడి మాత్రం తొడల మీదికి పాకింది.

జనం కేకలేశారు. విపణి పట్టుబట్టలు కట్టుకున్నవాళ్ళు కూడా కేకలేశారు. ఎవరు గెలుస్తారనిపిస్తే వాళ్ళ పక్షం చేరడం వాళ్ళకి తెలిసిన ఒకే ఒక విద్య.

మణిగుప్తుడి చిరునవ్వు మొదటిసారి వంకర పోయింది. పెదవులు కదిపి చిటికె వేశాడు. మరుక్షణం గంపలో ఉన్న శూరధ్వజుడికి పది దిక్కులనుంచీ మాచమ్మ గొంతు వినిపించింది.

"గాజులో గాజులు, రాకుమారా!"

"ఉప్పో ఉప్పు, దయచేయండి స్వామీ!"

"నూనో నూనె, మహావీరా!"

అన్నీ ఆమె గొంతే. అదే జీర, అదే సాగదీత. శూరధ్వజుడు ఎటూ కదల్లేక నిలబడిపోయాడు. అడుగుల చప్పుడు దగ్గరికొస్తోంది. గజమల్లుడు ఈసారి వెనకనుంచి వస్తున్నాడు, నేరుగా కుండ మీదికి.

అప్పుడు ఆ పది గొంతుల కిందనుంచి పదకొండో గొంతు వినబడింది.

"ఉప్పో ఉప్పురా, పనికిమాలినవాడా! చెవుల్లో గూళ్ళు పెట్టాయా పిచ్చుకలు?"

శూరధ్వజుడికి ప్రాణం లేచొచ్చింది. ఈ లోకంలో తనని అంత చులకనగా పిలిచే మనిషి ఒక్కతే. కుడి పక్కకి జరిగాడు. గజమల్లుడు గురి తప్పి, ఆముదంలో కాలు జారి, అతన్ని దాటి తూలిపోయాడు. గాదెమూత కింద కుండ అతనికెదురుగా తిరిగింది.

"నూనో నూనె! కుమ్మరా సూర్యవంశం!"

తలవంచి కుమ్మాడు. గంప చిరిగింది, వెదురుబద్దలు ముఖాన్ని గీరాయి, కుండ ఫెళ్ళుమని పగిలింది. గజమల్లుడు బోర్లాపడి, చేతులు గాలిలో ఆడిస్తూ, అలాగే బిగుసుకుపోయాడు.

ఆ హోరు చల్లారకముందే మణిగుప్తుడు పట్టుచెప్పులకి ఆముదం అంటకుండా బరి అంచుదాకా వచ్చాడు. చాలా ఆప్యాయంగా మాట్లాడాడు. "బాగా ఆడావయ్యా. నీ నడుందాకా వచ్చింది చూసుకున్నావా? తీర్పు ఒక్కటే చెప్పగలవు. 'నా ప్రమాణం రద్దు' అను. కాళ్ళతో నడిచి వెళ్ళిపో. ఈ నూనెదానితో, కుండలవాళ్ళతో నీకేం పని? రేపు నువ్వెవరో కూడా వీళ్ళు గుర్తుపెట్టుకోరు."

శూరధ్వజుడు ముఖం మీది నెత్తురు తుడుచుకున్నాడు. బరి పక్కన సింగన్న పగిలిన పెంకుని చేతిలోకి తీసుకుని, అది ఎక్కడిదో తెలియక తిప్పితిప్పి చూస్తున్నాడు. పొద్దుటినుంచీ నోరు మూయని మాచమ్మ ఇప్పుడు పెదవి బిగించి ఎటో చూస్తోంది. అడగడం ఆమెకి చేతకాదని అతనికి తెలిసింది.

"ఏయ్ షావుకారూ" అన్నాడు శూరధ్వజుడు. "నువ్విచ్చిన విల్లు పంది ముందు పిండైంది. నువ్వు చెప్పే సలహా కూడా ఆ కొట్లోదే కదా?" వసారా వైపు తిరిగి గొంతెత్తి చెప్పాడు. "తీర్పు వినండి! ఈ విపణి గుమ్మం మీద ఎవరు చేసిన ప్రమాణమైనా సరే, రాజు చేసినా బంటు చేసినా, ఈ క్షణంనుంచి చెల్లదు!"

అతని కాళ్ళనుంచి ఇత్తడి పెచ్చులు పెచ్చులుగా రాలింది. గుమ్మంలో చేతులు జోడించిన బొమ్మల్లో కొన్ని మనుషులై, ఎక్కడున్నామో తెలియక, మెట్ల మీదినుంచి ముంగిట్లోకి పరుగెత్తాయి. సింగన్న చేతిలోని పెంకు వైపు తేరిపార చూశాడు. "దీనికి కాల్పు సరిపోలేదు మాచక్కా" అన్నాడు. అని ఏడ్చేశాడు. మాచమ్మ అతని వీపున ఒక్కటి చరిచి, తనూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

అప్పుడే మణిగుప్తుడి గుండ్రటి ముఖం కరిగిన మైనంలా జారింది. లోపలినుంచి ఎముకలగూడులాంటి పొడుగాటి ముఖం బయటపడింది. నుదుట కపాలముద్ర. విజయధార కోట బురుజు మీద ఆ ముద్రని శూరధ్వజుడు ఒకే ఒక్కసారి చూశాడు. ఒక్కసారి చూస్తే చాలు.

"కంకాళభట్టు!"

మాంత్రికుడు ఒక్క గెంతున విపణి గుమ్మంలోకి దూకాడు. జనం ఇచ్చిన మాటలే ఆ సౌధానికి పునాది. మాటలు పోయాక దాన్ని నేలకి పట్టి ఉంచేదేమీ లేదు. ఏడంతస్తులూ పెళపెళమంటూ మట్టిలోంచి ఊడి గాలిలోకి లేచాయి. వసారాలో ఉన్న మహారాజు, మంత్రి, ఆస్థానం అంతా వింజామరలతో సహా లేచారు. "దింపండి! ఎవరక్కడ!" అని లలితకీర్తి అరిచాడు. అక్కడ ఎవరూ లేరు. పై అంతస్తు కిటికీలోంచి, దూరంగా, ఉరుము వినిపించింది. తోలుసంచిలో బంధించిన ఉరుము.

శూరధ్వజుడు పరుగెత్తి గాలిలోకి ఎగిరాడు. గుమ్మానికి వేలాడుతున్న గంట గొలుసు చేతికందింది. గొలుసుతోపాటు పైకి లేస్తుంటే నడుము దగ్గర ఏదో బరువు లాగింది. కిందికి చూశాడు. మాచమ్మ!

"వదులు! వదులు నన్ను!"

"వదిలేదాన్నే. నిన్ను ఆపుదామని పట్టుకున్నాను, ఇది ఇంత తొందరగా లేస్తుందనుకోలేదు. ఇప్పుడు వదిలితే ఎక్కడ పడతానో చూడు."

చూశాడు. దీపికాపురం చాటంత ఉంది. మరో రెండు క్షణాలకి గవ్వంత అయింది. ఆ తరవాత కింద నల్లగా అడవి, అడవి దాటాక తెల్లగా నురగలు కక్కే సముద్రం. గొలుసు గాలికి ఊగుతోంది. ఒక్కో లంకె పట్టుకుని, నడుముకి మాచమ్మని మోసుకుంటూ, శూరధ్వజుడు పైకి పాకాడు. గడప చేతికందేంత ఎత్తుకి చేరేసరికి తలుపు కిర్రుమంది.

మంత్రి సుమేధుడు తొంగిచూశాడు. కింద వేలాడుతున్న ఇద్దర్నీ చూసి ముక్కు మూసుకున్నాడు.

"నూనె వాసన" అన్నాడు. "లోపల స్థలం లేదు. బరువెక్కువైతే మేడ పడిపోతుందట, భట్టుగారు చెప్పారు. మీలాంటివాళ్ళ కోసం మహారాజుగారు పడిపోవాలా?" అని వంగి, గొలుసుని గడపకి పట్టి ఉంచిన శీలని రెండు చేతులా పీకడం మొదలుపెట్టాడు. కట్టుకున్న విపణి పట్టుబట్ట అతని ఒంటి మీదే పొడై రాలుతోంది. దాన్ని కూడా అతను గమనించలేదు.

"ఇన్నేళ్ళూ నీ బట్టతలకి నూనె పోసింది నేనేరా!" అని మాచమ్మ గర్జించింది. శూరధ్వజుడి భుజం మీద కాలు వేసి, అతని తలని మెట్టుగా తొక్కి పైకి లేచి, మంత్రి కాలి మడమ పట్టుకుని ఒక్క ఊపున లాగింది.

సుమేధుడు కేక పెట్టి గడప మీదినుంచి జారాడు. గాలిలో చేతులు తిప్పి, దొరికిన మాచమ్మ మెడని వాటేసుకున్నాడు. ఇప్పుడు గొలుసుకి ముగ్గురు. వాళ్ళ తలల మీద తెరిచిన గుమ్మంలోకి, భుజాన తోలుసంచితో, కంకాళభట్టు వచ్చి నిలబడ్డాడు. సగం ఊడిన శీల వైపు చూశాడు. కాలిబొటనవేలితో దాన్ని సుతారంగా మీటాడు.

శీల ఊడి, శూరధ్వజుడి చెంప పక్కగా రాలి సముద్రంలో పడింది.